రెండు చూపులు కలిసిన యంత్రము

ఉదయము తొమ్మిది గంటల వేళ గచ్చిబౌలి చౌరస్తాలో వాహనములు చీమల బారువలె సాగును. కచేరీలకు పోవువారికి అది వట్టి చికాకు. ఆ బారులో నిలిచిన బండిలో, సీసపు పెట్టెలో భద్రపరచిన పెట్ స్కాన్ మందు ఒకటి ఉన్నచో మాత్రము సంగతి వేరు. ఆ మందులోని శక్తి 110 నిమిషములకు సగమగును. ఆరు గంటలకు 40 పాళ్లుండినది 7-50కి 20, 9-40కి 10 పాళ్లే మిగులును. గడియారముతో పరుగు పందెము వేయు మందు ఇది.

ఇది చక్కెరను పోలిన పదార్థము. సైక్లోట్రాన్ అను యంత్రములో పుట్టిన ఫ్లోరిన్-18 పరమాణువును దీనికి తగిలింతురు. జీవకణము దీనిని చక్కెర యనుకొని లోనికి తీసికొనును. కాని పూర్తిగా అరిగించుకొనలేక లోపలనే చిక్కించుకొనును. పెక్కు కేన్సరు కణములకు చక్కెర ఆకలి మెండని జర్మను శాస్త్రజ్ఞుడు వార్‌బర్గ్ 1920 ప్రాంతములలోనే గమనించెను. ఈ మందును మనుష్యునికి తొలిసారిగా 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఇచ్చిరి. మన దేశములో తొలి వైద్య సైక్లోట్రాన్ 2002లో ముంబయిలో పనిచేయ నారంభించెను.

పెట్ యంత్రమునకు వెలుగు కనిపించును గాని చోటు స్పష్టముగా తెలియదు. రాత్రివేళ ఎత్తైన మేడపైనుండి గచ్చిబౌలిని చూచినట్లు: దీపములు వేలకొలది, ఏది ఏ వీధిదో చెప్పలేము. సి.టి. యంత్రము పగటి పటము వంటిది. వీధులన్నియు తెలియును, ఏ యింట మనుష్యులున్నారో తెలియదు. ఈ రెంటిని ఒకే బల్లపై కలిపిన మొదటి యంత్రమును టౌన్‌సెండ్, నట్ అనువారు రూపొందింపగా, 1998లో పిట్స్‌బర్గ్‌లో రోగులపై వాడ మొదలిడిరి.

రోగము ముందుముందు ఎట్లుండునో అంచనా వేయుటకును ఇది తోడ్పడును. లింఫోమా అను రసగ్రంథుల కేన్సరులో, కొన్ని విడతల మందు పడిన పిమ్మట మరల స్కాన్ తీసి, గ్రంథి వెలుగును కాలేయపు వెలుగుతో పోల్చి ఒకటి మొదలు ఐదు వరకు అంకె వేయుదురు. 2009లో ఫ్రాన్సులోని డోవిల్‌లో జరిగిన సమావేశమునుండి వచ్చిన పద్ధతి యిది. అంకె తక్కువైనచో కొందరికి కఠినమైన మందును తగ్గింపవచ్చును. నాలుగో ఐదో అయినచో చికిత్స మార్చుటను గూర్చి వైద్యులు ఆలోచింతురు. ఇది జాతకము కాదు, అంచనా మాత్రమే.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది. నివేదికలో ఒక గ్రంథి ‘వెలుగుచున్నది’ అని చదువగానే ఇల్లంతయు శోకములో మునుగుట కలదు. తొందరపడరాదు. చక్కెర ఆకలి కేన్సరు ఒక్కదాని సొత్తు కాదు. క్షయ గ్రంథి వెలుగును. చీము పట్టిన పుండు వెలుగును. ఆపరేషను గాయమును వెలుగును. క్షయ ఇంతగా ఉన్న మన దేశములో ఈ వివేకము మరింత అవసరము. అనుమానమున్నచోట ముక్క తీసి పరీక్షింపక తీర్పు చెప్పరాదు. వెలుగు లేనంతమాత్రమున రోగము లేదనియు కాదు. కొన్ని కాలేయపు కేన్సర్లు, నెమ్మదిగా పెరుగు కొన్ని ప్రేవుల గడ్డలు చక్కెరకు లొంగవు. అట్టి ప్రేవుల గడ్డలకు గాలియం-68 కలిపిన వేరు మందు వాడుదురు. దానిని సైక్లోట్రాన్ లేకయే చిన్న జనరేటరునుండి ఆస్పత్రిలోనే రాబట్టవచ్చును.

పరీక్షకు పోవువారు సుమారు ఆరు గంటలు భోజనము మానవలెను, మంచినీరు త్రాగవచ్చును. మధుమేహమున్నవారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు ముందే తెలుపవలెను. సూది వేసిన తరువాత గంటసేపు కదలక మెదలక పడుకొనవలెను. మాటలాడినచో గొంతు కండరములు, చలికి వణికినచో మెడ కండరములు చక్కెరను లాగికొని పటమును పాడుచేయును. కబుర్లకు అలవాటుపడిన మనవారికి ఈ గంటయే కష్టము!

ఇంటికి వచ్చిన పిదప నీరు ఎక్కువగా త్రాగి, కొన్ని గంటలపాటు పసిపిల్లలను ఒడిలోనికి తీసికొనకుండుట మేలు. మరునాడు అదే వేళకు మందు శక్తి ఎనిమిదివేలలో ఒక పాలు మాత్రమే మిగులును గనుక తరువాత భయము లేదు. పాత స్కాను పటములను మాత్రము పారవేయక వెంట తీసికొనిపోవలెను. నేటి వెలుగును నాటి వెలుగుతో పోల్చిననే వైద్యునికి రోగపు నడక తెలియును.