బోరు నీళ్లలో గాలి వస్తోందా? పైపులో అసలు నీరెంతో ఇలా కొలవండి



ఎండాకాలం వచ్చిందంటే చాలా బోర్లు నీళ్లతో పాటు గాలి కూడా పోస్తాయి. పైపు బుస్సుమంటుంది, నీళ్లు ఎగిరెగిరి పడతాయి. చూసేవాళ్లకు "బోరు బాగానే పోస్తోంది కదా" అనిపిస్తుంది. కానీ పైపు నిండా వచ్చేదంతా నీరు కాదు. ఆ పోత నమ్ముకుని ఇంకో ఎకరం వేస్తే, పంట పూత మీదున్నప్పుడు నీళ్లు చాలవు. అందుకే కొలిచే పద్ధతి వీడియోలో చేసి చూపించాను. అదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పైపులో ఏం జరుగుతుంది?

గాలి తక్కువుంటే చిన్న బుడగలుగా నీళ్లలో కలిసి వస్తుంది. ఎక్కువైతే బుడగలు ఒకదానితో ఒకటి కలిసి, పైపు అడ్డంగా నిండేంత పెద్ద గాలి ముద్దలవుతాయి. అప్పుడు ఒక దఫా నీరు, ఒక దఫా గాలి వస్తాయి. పైపు ఎగిరెగిరి కొట్టేది అందుకే. పొలంలో పడుకోబెట్టిన పైపులో అయితే నీరు అడుగున, గాలి పైన వేరుగా పోతాయి. పైపు సగమే నిండి ఉన్నా మనకు బయటికి తెలియదు.

మీటరు ఎందుకు తప్పు చెబుతుంది?

మామూలు నీటి మీటరులో చిన్న చక్రం తిరుగుతుంది. దాన్ని నీరు తిప్పినా, గాలి తిప్పినా లెక్కలో పడిపోతుంది. కరెంటు అయస్కాంతంతో పనిచేసే మీటరు పైపు నిండా నీరే ఉందనుకుని లెక్క వేస్తుంది. శబ్ద తరంగాల మీటరుకైతే బుడగలు శబ్దాన్ని చెదరగొట్టేస్తాయి. కాబట్టి సూత్రం ఒక్కటే: ముందు గాలిని వేరు చేయాలి, తర్వాత నీటిని కొలవాలి.

డ్రమ్ము పద్ధతి

1. మోటారు వేసి కనీసం ఒక గంట నడవనివ్వండి. ఆరున్నర అంగుళాల బోరులో 100 మీటర్ల నిలవ నీరుంటే అదే సుమారు 2,100 లీటర్లు. మొదట వచ్చేది ఎక్కువగా ఆ నిలవే, ఊట కాదు.
2. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, ఫోనులో టైము చూడండి.
3. నురుగు పొంగితే అది నిండినట్టు కాదు. నురుగు అణిగాక మట్టం చూడండి.
4. నీళ్లు దఫాలుగా వస్తాయి కాబట్టి మూడుసార్లు కొలిచి సగటు తీయండి.

200 లీటర్లు నిండడానికి 250 సెకన్లు పట్టిందనుకోండి. సెకనుకు 0.8 లీటరు, అంటే గంటకు 2,880 లీటర్లు. అదే లైనులో ఉన్న చక్రం మీటరు ఆ సమయంలో 250 లీటర్లు తిరిగితే, ఆ తేడా 50 లీటర్లు చాలావరకు గాలే. ఇది ఉజ్జాయింపు మాత్రమే.

వీ-నాచ్ పెట్టె

బోరు వేసేటప్పుడు "రెండించుల నీళ్లు" అంటారే, అది దీని లెక్కే. పెట్టె ఒక పక్కన 90 డిగ్రీల వీ ఆకారంలో కోత ఉంటుంది. గాలితో వచ్చే నీటిని ముందు బెజ్జాల రేకు దాటించి శాంతపరచాలి. ఎత్తును కోత దగ్గర కాదు, కాస్త వెనక నిలకడగా ఉన్న నీటి దగ్గర, వీ అడుగు కొన నుంచి చూడాలి.

ఒక ఇంచుకు సెకనుకు సుమారు 0.14 లీటరు వస్తుంది. రెండించులకు 0.8 లీటరు. అంటే ఎత్తు రెట్టింపైతే నీళ్లు దాదాపు అయిదున్నర రెట్లు! "ఒకటిన్నర, రెండు ఒకటేలే" అనుకోవద్దు. అర ఇంచు తేడాలో సగం నీళ్లు పోతాయి.

లెక్క పొలానికి ఎలా పనికొస్తుంది?

ఎకరానికి రోజుకు 4 మిల్లీమీటర్ల నీరు ఇవ్వాలంటే సుమారు 16,200 లీటర్లు కావాలి. గంటకు 2,880 వచ్చే బోరుకు అది అయిదున్నర గంటల పని. కరెంటు ఎన్ని గంటలుంటుందో చూసుకుని ఎన్ని ఎకరాలో తేల్చుకోండి. ఆచ్ఛాదన వేసిన పొలంలో తడి ఆరడం తగ్గుతుంది, కాబట్టి ఈ నీరు ఇంకొంచెం దూరం వస్తుంది.

గాలి ఎప్పుడు వస్తోందో గమనించండి

- మోటారు వేయగానే కాసేపు వచ్చి ఆగితే, అది పైపులో నిలిచిన గాలి. భయం లేదు.
- గంట తర్వాత మొదలైతే నీటి మట్టం మోటారు దగ్గరికి దిగిందని అనుమానించాలి. గేటు వాల్వు కొంచెం కొంచెంగా తగ్గించండి. గాలి ఆగిన చోట వచ్చే నీరే మీ బోరు నిజమైన శక్తి. అలాగే లాగితే మోటారు కాలుతుంది.
- బావి మీద పెట్టిన మోటారుకైతే పీల్చే పైపు జాయింట్లు, ఫుట్ వాల్వు చూడండి.
- డ్రిప్పు లైనులో ఎత్తయిన చోట గాలి వాల్వు పెట్టండి. అది లేకపోతే మోటారు ఆపినప్పుడు లైను వెనక్కి పీల్చి డ్రిప్పర్లలోకి మట్టి లాగుతుంది.
- వెంచురీతో జీవామృతం పారించేటప్పుడు డ్రమ్ము ఖాళీ కాకముందే వాల్వు కట్టేయండి. లేదంటే అదీ గాలినే పీలుస్తుంది.

నీళ్లు పాలలా తెల్లగా వస్తే గ్లాసులో పట్టి చూడండి. అడుగు నుంచి పైకి తేటపడితే గాలి, పై నుంచి కిందికి తేటపడితే మట్టి.

డ్రమ్ము, ఫోను అందరి దగ్గరా ఉంటాయి. ఈ వారమే మీ బోరు కొలిచి, ఎంత వచ్చిందో తేదీతో సహా రాసి పెట్టుకోండి. నెలనెలా చూస్తే బోరు ఎటు పోతోందో మీకే తెలుస్తుంది.