మాస్కూ, శాసనమూ: శాన్‌ఫ్రాన్సిస్కో నేర్పిన పాఠము

2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు నోటికి, ముక్కుకు మాస్కు ధరించవలెనని అనేక దేశాలలో ప్రభుత్వములు శాసించినవి. శాసనముతో పాటే వివాదమూ వచ్చినది. మాస్కు నిజముగా రోగమును ఆపునా? ధరించనివారిని శిక్షింపవచ్చునా? వీనిలో మొదటి ప్రశ్న విజ్ఞానశాస్త్రమునకు, రెండవది పాలనకు సంబంధించినవి. ఈ రెండింటిని కలగాపులగము చేసినచో ఏమగునో తెలుసుకొనుటకు నూరేండ్ల క్రిందటి ఉదంతము ఒకటి ఉన్నది.

1918లో ప్రపంచమంతటిని పీడించిన ఇన్‌ఫ్లుయంజా ఆ సెప్టెంబరు చివర అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో ప్రవేశించినది. అప్పటి నగర జనాభా సుమారు 5 లక్షలు. ఆరోగ్యాధికారి డాక్టర్ విలియం హాస్లర్ సలహాపై అక్టోబరు 24న నగరపాలక సభ మాస్కు శాసనమును ఆమోదించినది. ఉల్లంఘించినవారికి 5 నుండి 100 డాలర్ల జరిమానా గాని, పది రోజుల వరకు జైలు గాని, రెండూ గాని విధింపవచ్చును. అక్టోబరు 27న ఒక్కనాడే 110 మందిని నిర్బంధించినారు. కొలది వారములకు, ముష్టియుద్ధపు పోటీలో మాస్కు లేకుండ కనిపించినందుకు నగరాధ్యక్షుడు జేమ్స్ రాల్ఫ్ 50 డాలర్లు, హాస్లర్ 5 డాలర్లు చెల్లింపవలసి వచ్చినది!

రోగము తగ్గినది. నవంబరు 21 మధ్యాహ్నము పన్నెండు గంటలకు ఈలలు మ్రోగగానే ప్రజలు మాస్కులు తీసి పారవేసినారు. తమను కాపాడినది మాస్కే అని చాలమంది నమ్మినారు. కాని డిసెంబరులో రోగము మరల తలయెత్తినది. శాసనమును తిరిగి తేవలెనని హాస్లర్ కోరగా సభలో తీవ్రమైన చర్చ జరిగినది. క్రిస్మస్ బేరములు దెబ్బతినునని వర్తకులు, వ్యక్తిస్వేచ్ఛకు భంగమని మరికొందరు వాదించినారు. డిసెంబరు 19న ప్రతిపాదన ఓడిపోయినది. జనవరి 10న ఒకే దినమున 600 కొత్త కేసులు నమోదు కాగా, సభ మనసు మార్చుకొన్నది. 1919 జనవరి 17 నుండి మాస్కు మరల తప్పనిసరి అయినది. దీనికి వ్యతిరేకముగా ఒక సంఘము వెలసి, సుమారు రెండువేల మందితో సభ జరిపినది. ఫిబ్రవరి 1న శాసనమును ఎత్తివేసినారు. అంతకు నగరములో దాదాపు 45 వేల మందికి రోగము సోకి, మూడువేలకు పైగా మరణించినారు.

ఇంత వాదము జరిగినను, రోగకారణము ఏదో అప్పటివారికి సరిగా తెలియదు. అది ఒక బాక్టీరియమని పలువురు భావించినారు. మానవుల ఇన్‌ఫ్లుయంజాకు కారణము వైరస్ అని లండన్ శాస్త్రజ్ఞులు నిరూపించినది 1933లో. ఈ వైరస్ వ్యాసము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. ఆనాటి మాస్కులు ఎక్కువగా కట్లు కట్టుటకు వాడు పలుచని గాజుగుడ్డతో చేసినవి. దాని పోగుల మధ్య సందు అర మిల్లీమీటరు అనుకొన్నను, వైరసును ఆవగింజగా ఊహించినచో ఆ సందు ఒక గది వెడల్పంత ఉండును.

అయితే వైరస్ ఒంటరిగా ప్రయాణించదు. దగ్గినపుడు, మాటలాడునపుడు వెలువడు తుంపరలలో ఉండును. పెద్ద తుంపరలు త్వరగా నేలకు పడును. చిన్నవి తడియారి, ఇంకను చిన్నవై, గాలిలో చాలసేపు తేలును. అందుచేత నోటినుండి వచ్చిన వెంటనే, ఇంకను పెద్దవిగా ఉన్నప్పుడే, వానిని పట్టుట సులభము. రోగి ధరించిన మాస్కు ప్రధానముగా ఇతరులకు మేలు చేయుట ఇందువలననే. స్వంత విషయముగా తోచు మాస్కు పాలకసభ విషయమైనదీ ఇందువలననే.

శాసనము ఫలించెనా? కాలిఫోర్నియా ఆరోగ్యశాఖకు చెందిన డాక్టర్ కెల్లాగ్ గాజుగుడ్డను పొరలు పొరలుగా పరీక్షించి 1920లో ఫలితములు ప్రకటించినాడు. తగినన్ని పొరలు వేసినచో ఊపిరి కష్టమగుచున్నది, గాలి అంచులనుండి జారిపోవుచున్నది. మాస్కు తప్పనిసరి చేసిన స్టాక్టన్ నగరపు మరణముల రేఖ, తప్పనిసరి చేయని బోస్టన్ రేఖను పోలియే ఉన్నది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కు తరువాత రోగము తగ్గినమాట నిజము. మాస్కు వలననే తగ్గినదనుటకు అది చాలదు. అంటురోగపు కెరటము తనంతట తానుకూడ తగ్గును.

అంతమాత్రమున మాస్కు వ్యర్థమనుట మరియొక పొరపాటు. నేటి మాస్కు గాజుగుడ్డ కాదు. ఎన్-95 రకములో అతిసూక్ష్మమైన ప్లాస్టిక్ పోగులకు విద్యుదావేశము ఉండును. అది కణములను ఆకర్షించి పట్టుకొనును. 0.3 మైక్రోమీటరు కణములలో కనీసము 95 శాతమును ఆపును, ముఖమునకు బిగుతుగా అమరినప్పుడే సుమా! 2020-21లో బంగ్లాదేశ్‌లో సుమారు 600 గ్రామములలో జరిగిన ప్రయోగము ఇంకొక సంగతి తెలిపినది. జరిమానాలు లేకుండ, ఉచితముగా మాస్కులిచ్చి, మరల మరల గుర్తుచేయగా, సరిగా ధరించువారు 13 శాతమునుండి 42 శాతమునకు పెరిగినారు. శస్త్రచికిత్స మాస్కులు పంచిన గ్రామములలో లక్షణములతో కూడిన కోవిడ్, ఏమీ పంచని గ్రామములకన్న సుమారు 11 శాతము తగ్గినది. గుడ్డ మాస్కుల విషయములో ఫలితము స్పష్టముగా తేలలేదు.

ఉపాధ్యాయులు గాజుగుడ్డను, మడతలు పెట్టిన నూలుగుడ్డను, శస్త్రచికిత్స మాస్కును వరుసగా వెలుతురుకు ఎదురుగా పట్టి విద్యార్థులకు చూపవచ్చును. పోగుల మధ్య సందులలోని తేడా కంటికి కనబడును. విద్యుదావేశము మాత్రము కనబడదు. పిమ్మట వారినే పాలకసభగా కూర్చుండబెట్టి చర్చింపజేయవచ్చును. ఏ రకము మాస్కు? ఏ చోట? ఎంతకాలము? ఫలితమును దేనితో పోల్చి చూడవలెను? రోగము వ్యాపించునప్పుడు పూర్తి జ్ఞానము లభించువరకు పాలకులు ఆగలేరు. కాని నిర్ణయము చేసిన నాడే దానిని పరీక్షించు పద్ధతినికూడ ఏర్పరచుకొనవచ్చును. 1918లో నగరపాలక సభ జరిమానాను నిర్ణయించినది, కొలతను నిర్ణయింపలేదు.