అంకెలలో నిలిచిన గొంతు

2010 జనవరి 26న అండమాన్ దీవులలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూశారు. వయస్సు ఎనభై అయిదు వరకు ఉండవచ్చునని అంచనా. గ్రేట్ అండమానీయులలో ఒక తెగ అయిన 'బో' వారి భాషను మాట్లాడగలిగిన చివరి మనిషి ఆమె. తల్లిదండ్రులు గతించిన తరువాత దశాబ్దాల తరబడి ఆ భాషలో బదులు పలికేవారే ఆమెకు లేకపోయారు. ఇతరులతో అండమాన్ హిందీలో మాట్లాడేవారు. తన భాషలో పక్షులతో మాట్లాడుకొనేవారని భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ చెప్పారు.

జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్న అబ్బీ 2005 నుంచి ఈ ప్రజల మాటలను, కథలను, పాటలను ధ్వనిముద్రణ చేశారు. బోవా గొంతు అందులో పదిలంగా ఉన్నది. అయితే ఉన్నది నిజానికి గొంతు కాదు, అంకెల వరుస. గొంతు అంకెలుగా మారే విధానమేమిటి?

శబ్దమంటే గాలి ఒత్తిడిలోని హెచ్చుతగ్గులు. మైక్రోఫోను వాటిని విద్యుత్ తరంగంగా మారుస్తుంది. పాత టేపు ఆ తరంగాన్ని అయస్కాంత రేణువుల మీద ఉన్నదున్నట్లుగా దించుకొనేది. డిజిటల్ యంత్రం అలా చేయదు. క్షణక్షణానికి తరంగం ఎత్తును కొలిచి ఆ కొలతను రాసుకొంటుంది. ఒక్కొక్క కొలత ఒక 'శాంపిల్', మన మాటలో మచ్చు. బియ్యపు బస్తాలో నుంచి గుప్పెడు తీసి చూడడం లాంటిదే. కాని ఇక్కడ మచ్చులు తగినన్ని ఉంటే వాటి నుంచి మొత్తం తరంగాన్ని తిరిగి గీయవచ్చును.

ఎన్ని ఉంటే తగినన్ని? పట్టుకోవలసిన శబ్దంలోని అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపు కంటె ఎక్కువ ఉండాలి. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు వింటుంది. అందుకే 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కుకు సెకనుకు 44,100 మచ్చులు నిర్ణయించారు. దీనినే శాంపిల్ రేటు అంటారు. పాత టెలిఫోను వ్యవస్థలో అది 8,000 మాత్రమే. ఫోనులో పేరు చెప్పేటప్పుడు “సీతలో స” అని విడమరచవలసి రావడానికి కారణమిదే. స, ఫ వంటి ధ్వనులను వేరుచేసే సన్నని ఊపిరి 4,000 కంపనాలకు పైనే ఎక్కువగా ఉంటుంది. మన భాషలో అయితే పోయిన దానిని మనస్సు పూరించుకొంటుంది. ఎవరికీ రాని భాషలో ఏది ముఖ్యమో, ఏది కాదో ఎవరు చెప్పగలరు?

ఇక కొలబద్ద ఎంత సూక్ష్మమైనదన్నది రెండవ ప్రశ్న. దాని పేరు బిట్ డెప్త్. 16 బిట్ల కొలబద్ద మీద 65,536 గీతలు, 24 బిట్ల దాని మీద 1,67,77,216 గీతలు ఉంటాయి. బిట్టు ఒకటి పెరిగితే సుమారు 6 డెసిబెళ్ల మేర మరింత మెల్లని శబ్దం కూడా అందుతుంది. రేకు కప్పు మీద వాన, కీచురాళ్లు, దూరాన జనరేటరు – దీవులలో ఇటువంటి రొద తప్పదు. ఆ అడుగు రొదకు పైన, కొలబద్ద కొసకు కింద గొంతును నిలపాలి. అందుకు తిప్పే మీట 'గెయిన్'. దానిని మరీ పెంచి ఉంచినప్పుడు చెప్పేవారు హఠాత్తుగా పకపక నవ్వితే తరంగం శిఖరం కత్తిరించినట్లు చదునైపోతుంది. ఇదే 'క్లిప్పింగ్'. కొంత మేరకు ఊహించి అతకవచ్చును గాని, తెగిన అసలు ముక్క తిరిగి రాదు. నా మట్టుకు ఈ రంగంలో క్షమించరాని తప్పు ఇదొక్కటే. స్టూడియోలో గాయని మరొకసారి పాడుతుంది. ఎనభై ఏళ్ల అవ్వ జ్ఞాపకం తెచ్చుకొని పాడిన పాట మరొకసారి వస్తుందన్న భరోసా లేదు.

కాంపాక్ట్ డిస్కు నాణ్యతలో ఒక నిమిషం స్టీరియో శబ్దానికి దాదాపు పది మెగాబైట్లు పడతాయి. ఎంపీత్రీ అందులో పదోవంతుతో సరిపెడుతుంది. చెవి గమనించదనుకొన్న భాగాలను పారవేస్తుంది. బస్సులో సినిమా పాట వినడానికి అది చాలును. రేపటి పరిశోధకుడు పరికరంతో పరిశీలించవలసిన గొంతుకు చాలదు. అందుచేత భాషా భాండాగారాలు ఏమీ పారవేయని 'వేవ్' రూపాన్నే కోరుతాయి. రొద తగ్గించడం, స్వరం దిద్దడం, ప్రతిధ్వని చేర్చడం వంటి అలంకారాలు ఏవైనా నకలు మీదనే. అసలు ప్రతిని తాకరాదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ భాషలో పలికారన్న వివరాలు – మెటాడేటా – జతపడకపోతే ఆ శబ్దం అనాథ.

అబ్బీ సేకరించిన ధ్వనులు లండన్‌లో నెలకొల్పిన అంతరించిపోతున్న భాషల భాండాగారంలో చేరాయి. 2021లో ఆ భాండాగారం బెర్లిన్‌కు మారింది. అదే సంవత్సరం ఆమె పది కథలను, నలభై ఆరు పాటలను ధ్వనిముద్రణలతో సహా గ్రంథంగా వెలువరించారు. అంతకు ముందే, 2020 ఏప్రిల్‌లో, 'సారే' భాష మాట్లాడిన చివరి మనిషి లిచో కూడా మరణించారు. బోవా పాటను ఈనాడు ఎవరైనా వినవచ్చును. ఆ పాటలో ఒక మాట స్పష్టంగా లేదని తోస్తే, ఏమన్నారని అడగడానికి మాత్రం ఎవరూ లేరు.