ఏటవాలు గరుసు దారుల నిర్వహణకు ట్రాక్టర్ పరికరం ఎంపిక

అనంతపురం పీఠభూమిలో చీనీ, మామిడి తోటలు గుట్టల వాలులకు విస్తరించిన చోట్ల, ఊరి రోడ్డు నుండి తోట వరకు ఉన్న గరుసు దారి పంటకు అత్యవసరమైన సాధనంగా మారింది. కోసిన కాయను మార్కెట్టుకు చేర్చే ట్రాలీ, పురుగుమందుల ట్యాంకరు, బోరు మరమ్మతు చేసే వాహనం అన్నీ ఆ దారినే రావాలి. దారి గతుకులమయమైతే కాయలు నలిగి ధర తగ్గుతుంది. గాడులలో ఒక చక్రం దిగితే నిండు ట్రాలీ ఒరిగి ప్రాణాపాయం కలుగవచ్చు. అయినప్పటికీ దారి నిర్వహణకు ఏ పరికరం తగినదన్న విషయం విస్తరణ కార్యక్రమాలలో అరుదుగా చర్చకు వస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఆ ఎంపికలోని మూల సూత్రాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నష్టానికి మూలం నీరు

ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మి.మీ. వరకు మాత్రమే వర్షం కురుస్తుంది. అందులో ఎక్కువ భాగం కొద్ది రోజులలో, పెద్ద జల్లులుగా పడుతుంది. 300 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల దారిపై 25 మి.మీ. వర్షం పడితే 30,000 లీటర్ల నీరు చేరుతుంది. గట్టిపడిన దారిలో ఇంకేది తక్కువ కాబట్టి అందులో అధిక భాగం పల్లానికి పరుగు తీస్తుంది.

పారే నీటికి గల కోత శక్తి నీటి లోతు, వాలు అనే రెండింటి లబ్ధంపై ఆధారపడుతుంది. దారి అంతటా 1 సెం.మీ. మందాన పరచుకొని పారే నీరు చక్రాల గాడిలో చేరి 5 సెం.మీ. లోతున పారితే, అదే వాలులో కోత శక్తి 5 రెట్లవుతుంది. గాడి లోతయ్యే కొద్దీ మరింత నీరు అందులో చేరుతుంది. ముందుగా సన్నని మట్టి, తరువాత గరుసు కొట్టుకుపోయి చివరకు రాళ్ళు మాత్రమే మిగులుతాయి. కనుక పరికరాన్ని ఎంచుకొనేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: అది దారిపై నీటిని పక్కకు మళ్ళించే ఆకృతిని ఇవ్వగలదా?

ఆ ఆకృతి పేరు క్యాంబర్. దారి నడుమ ఎత్తుగా, రెండు అంచులకు 4 నుండి 5 శాతం వాలుతో ఉండాలి. అంటే 4 మీటర్ల దారిలో మధ్య భాగం అంచుల కంటే 8 నుండి 10 సెం.మీ. ఎత్తుగా ఉండాలి.

పరికరాల గుణదోషాలు

వెనుక బ్లేడు: త్రీ పాయింట్ లింకేజికి తగిలించే ఈ బ్లేడును అడ్డంగా కోణంలో తిప్పగలిగితే, అంచులకు జారిన గరుసును తిరిగి దారి నడుమకు చేర్చవచ్చు. కుడి వైపు లిఫ్ట్ రాడ్‌ను సవరించి బ్లేడును ఒక పక్కకు వంచితే క్యాంబర్, పక్క కాలువ రెండూ ఏర్పడతాయి. నేరుగా మాత్రమే నిలిచే లెవెలింగ్ బ్లేడుకు ఈ సౌలభ్యం లేదు. పొలం చదును చేయడానికి అది చాలు, దారికి చాలదు.

వెడల్పును కూడా లెక్కించాలి. 2.1 మీటర్ల బ్లేడును 30 డిగ్రీల కోణంలో తిప్పితే దాని ప్రభావ వెడల్పు 1.8 మీటర్లకు తగ్గుతుంది. ట్రాక్టర్ వెనుక చక్రాల వెలుపలి వెడల్పు అంతకు మించితే, బ్లేడు సరిచేసిన చోటునే చక్రం మళ్ళీ తొక్కుతుంది.

పెట్టె బ్లేడు: రెండు పక్కల పలకలు, ముందు పళ్ళు ఉన్న ఈ పరికరం గట్టిపడిన పైపొరను పెకలించి, ఆ మట్టిని తనలోనే ఇముడ్చుకొని ముందుకు తీసుకుపోతుంది. పల్లానికి జారిన గరుసును తిరిగి మెరకకు చేర్చడానికి ఇది అన్నిటికంటే అనువైనది. అయితే పక్క పలకల వలన మట్టిని పక్కకు తోయలేదు.

పొడవైన అడుగు పట్టీలు గల గ్రేడరు: ట్రాక్టర్ ముందు చక్రం మిట్ట ఎక్కినపుడు వెనుక బ్లేడు నేలలోకి దిగుతుంది, పల్లంలో దిగినపుడు పైకి లేస్తుంది. ఈ విధంగా ఉన్న గతుకులకు కొత్త గతుకులు తోడవుతాయి. గ్రేడరు తన పొడవైన పట్టీలపై జారుతూ పోతుంది కాబట్టి ఈ దోషం స్వల్పం. అలల వంటి గతుకులకు ఇది మేలైనది. లోతైన గాడులను పూడ్చేందుకు మాత్రం సరిపడినంత మట్టిని కదిలించలేదు.

ముందు డోజరు బ్లేడు: గరుసు కుప్పలను పరచడానికి ఉపయోగపడుతుంది. నునుపైన తుది పనికి తగదు.

రోటవేటరు: దారిపై వాడరాదు. అది రాళ్ళ మధ్య బిగువునిచ్చే మట్టిని పొడి చేస్తుంది. ఆ పొడి వేసవిలో ధూళిగా, వానలో బురదగా పోతుంది. పరికరం బ్లేడ్లు కూడా దెబ్బతింటాయి.

మన రైతుకు తగిన ఎంపిక

ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే అవసరమయ్యే పనికి ప్రత్యేకంగా పెట్టె బ్లేడును కొనడం చిన్న రైతుకు భారం. ట్రాక్టర్ ఉన్న రైతుల వద్ద కల్టివేటరు సాధారణంగా ఉంటుంది. పెట్టె బ్లేడు పళ్ళు చేసే పెకలింపును కల్టివేటరు చేయగలదు. గట్టి నేలపై స్ప్రింగు రకం కంటే స్ప్రింగు లేని దృఢమైన రకం మేలు. కాబట్టి కల్టివేటరు, కోణం మార్చగల వెనుక బ్లేడు కలిసిన జోడీ ఈ ప్రాంతపు అధిక భాగం తోట దారులకు చాలు. దారి వాలు 10 శాతం మించి, గరుసు ఏటా పల్లానికి చేరుతున్న చోట మాత్రమే పెట్టె బ్లేడును పరిశీలించాలి. దానిని కొందరు రైతులు కలిసి కొనుక్కోవడం లేదా అద్దె యంత్ర కేంద్రాల ద్వారా పొందడం ఉచితం.

పదును చూసి పని

పరికరం ఎంత మంచిదైనా పొడి నేలలో అది ధూళినే లేపుతుంది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర రైతు డి. వార్డ్ కింగ్, నిలువునా చీల్చిన రెండు దుంగలను గుర్రాలతో లాగించి మట్టి రోడ్లను చక్కదిద్దే పద్ధతిని ప్రచారం చేశారు. 1908లో ఆ దేశ వ్యవసాయ శాఖ దానిపై రైతులకు ఒక కరపత్రాన్ని ప్రచురించింది. వర్షం వెలిసిన తరువాత, నేల పూర్తిగా ఆరకముందే దుంగను లాగాలన్నదే ఆ పద్ధతికి ప్రాణం. విత్తనానికి పదును చూసే మన రైతుకు ఈ సూత్రం కొత్తది కాదు. గుప్పెట్లో అదిమితే ముద్ద కట్టి, వేలితో నొక్కితే విరిగే తేమ దారి పనికి అనుకూలం.

పని క్రమం ఇలా ఉండాలి. మొదట గాడుల అడుగు వరకు కల్టివేటరుతో పెకలించాలి. పైపైన చెక్కి గాడిని నింపితే ఆ మట్టి తొలి వానకే లేచిపోతుంది. తరువాత కోణంలో ఉంచిన బ్లేడుతో రెండు అంచుల నుండి నడుమకు మట్టిని చేర్చాలి. ట్రాక్టర్‌ను తక్కువ గేరులో, గంటకు 3 నుండి 5 కి.మీ. వేగంతో నడపాలి. హైడ్రాలిక్‌ను పొజిషన్ కంట్రోల్‌లో ఉంచాలి. డ్రాఫ్ట్ కంట్రోల్‌లో ఉంచితే భారం పెరిగినప్పుడల్లా బ్లేడు లేచి దారి ఎగుడుదిగుడుగా తయారవుతుంది. చివరగా బరువు వేసిన ట్రాలీని చక్రాలు ప్రతిసారీ కొత్త చోట పడేటట్లు నడిపి అణచాలి.

గరుసులో బిగువు చాలని చోట కొద్దిగా బంకపాలు ఉన్న ఎర్రమట్టిని కలపాలి. కడిగిన కంకర ఒక్కటే పోస్తే చక్రాల కింద దొర్లిపోతుంది.

క్యాంబర్ ఉన్నప్పటికీ, ఏటవాలు దారిపై నీటిని మధ్యమధ్య పూర్తిగా బయటకు పంపే అడ్డకట్టలు అవసరం. 5 శాతం వాలులో సుమారు 40 మీటర్లకు, 10 శాతంలో 25 మీటర్లకు, 15 శాతంలో 18 మీటర్లకు ఒకటి చొప్పున, ట్రాలీ సులభంగా దాటేటట్లు వెడల్పుగా, ఏటవాలుగా వేయాలి. ఆ నీటిని చిన్న పూడిక గుంట మీదుగా పంట కుంటకు మళ్ళించవచ్చు. పై లెక్కలోని 30,000 లీటర్లలో సగం చేరినా, కరవు ప్రాంతంలో 15,000 లీటర్ల నీరు మొక్కలకు దక్కుతుంది.

భద్రత

వాలుపై రెండు బ్రేకు పెడళ్ళను జతచేసి ఉంచాలి. దిగేటప్పుడు న్యూట్రల్ చేయడం గాని, క్లచ్ తొక్కి ఉంచడం గాని ప్రమాదకరం. మెరకకు లాగేటప్పుడు కోత పలుచగా ఉండాలి. ముందు చక్రాలు తేలికవుతున్నట్లు తోస్తే వెంటనే బ్లేడు భారం తగ్గించి, ముందు భాగానికి అదనపు బరువులు అమర్చాలి. అంచు కాలువకు దగ్గరగా చక్రాన్ని పోనీయరాదు. 1983 నుండి పనిచేస్తున్న గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి కేంద్రం మన జిల్లాలోనే ఉండటం యువ ట్రాక్టర్ చోదకులకు మంచి అవకాశం.

విస్తరణ శాస్త్రవేత్తలు ఒక గ్రామంలో 100 మీటర్ల దారిని ఈ విధంగా సరిచేయించి, పక్కన 100 మీటర్లను యథాతథంగా వదిలి, వానాకాలం ముందు, తరువాత అడ్డంగా దారం కట్టి గాడుల లోతును కొలవవచ్చు. విద్యార్థులకు అది నేల కోతపై మంచి క్షేత్ర పాఠం. రైతులకు ఏ పరికరం కొనాలో, ఏది అక్కరలేదో ఆ కొలతలే చెబుతాయి.