చట్టంలో కానరాని కెమెరామన్

2021 ఏప్రిల్ 6న పుదుచ్చేరి శాసనసభకు పోలింగు జరిగింది. మన యానాం కూడ ఆ సభలోనిదే గనుక, ఢిల్లీలో కూర్చుని రాయడం కంటె వెళ్ళి చూచి రాయడం మేలనిపించింది. పుదుచ్చేరికి చేరువలోని ఏంబలం రిజర్వుడు నియోజకవర్గంలో, ఒక పోలింగు కేంద్రం బయట ఎండలో నిలబడి ఉన్న తెలుగు చానల్ కెమెరామన్ ఒకరు పలకరించారు. తెల్లవారక ముందే చెన్నైలో బయలుదేరారట. నెలజీతం లేదు. పని ఉన్న రోజుకు ఇంత అని బేరం. కెమెరా సొంతం, మరమ్మతు ఖర్చూ సొంతమే. నియామకపు ఉత్తర్వు ఉన్నదా అని అడిగాను. మెడలోని ఎన్నికల సంఘం పాసు ఎత్తి చూపారు. "నేను ప్రెస్సువాణ్ణని చెప్పే కాగితం ఇదొక్కటేనండీ. రేపటికి ఇదీ చెల్లదు."

నేను పత్రికల వాణ్ణి. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం నీడలో బతికినవాణ్ణి. మా పని గంటలకు ఒక హద్దు ఉండేది. పాలేకర్ మొదలు మజీథియా వరకు వేతన సంఘాలు మా జీతాలను లెక్కగట్టాయి. అమలు సంగతి వేరు, అడగడానికి ఆధారమైతే ఉండేది. ఆ చట్టం వార్తాపత్రికలకే పరిమితం. ఒకే పోలింగు కేంద్రం ముందు నిలబడిన మా ఇద్దరిలో ఒకరే దానికి కనిపించారు.

కెమెరామన్లు గెలిచిన సందర్భం లేకపోలేదు. దూరదర్శన్ వారిని చాలకాలం 'స్టాఫ్ ఆర్టిస్టు'లన్న ముద్దుపేరుతో కాంట్రాక్టు మీద ఉంచింది. ఫిల్మ్స్ డివిజన్‌లో అదే పనికి జీతం హెచ్చు. కెమెరామన్లు, లైటింగు అసిస్టెంట్లు తదితరులు సుప్రీంకోర్టుకెక్కారు. వై.కె. మెహతా కేసులో 1988లో వారికి సమాన పనికి సమాన వేతనం దక్కింది. అయితే వారికి పోల్చి చూపడానికి ఫిల్మ్స్ డివిజన్ ఉన్నది, నిలదీయడానికి కేంద్రప్రభుత్వం ఉన్నది. ఏంబలంలో నాకు కనిపించిన మనిషికి ఆ రెండూ లేవు.

ఈ పనిలో ప్రాణాపాయం ఊహ కాదు. 2018 అక్టోబరు 30న ఛత్తీస్‌గఢ్ ఎన్నికల చిత్రీకరణకు వెళ్ళిన ఢిల్లీ దూరదర్శన్ కెమెరామన్ అచ్యుతానంద సాహు దంతెవాడ జిల్లాలో మావోయిస్టుల కాల్పులకు బలి అయ్యారు. ఆయన ఎవరి ఉద్యోగి అన్న ప్రశ్న రాలేదు. రోజుకూలి కెమెరామన్‌కు అదే జరిగితే మొదట వచ్చేది ఆ ప్రశ్నే.

2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనంలో ఎలక్ట్రానిక్ మీడియా చేరింది, సంతోషం. కాని అక్కడి పట్టికలో న్యూస్ ఫోటోగ్రాఫర్ ఉన్నాడు, ప్రూఫ్‌రీడర్ ఉన్నాడు, టెలివిజన్ కెమెరామన్ పేరు లేదు! 'ఆడియో విజువల్ కార్మికుడు' అనే మరో నిర్వచనంలో అతనికి చోటు దొరకవచ్చు. అక్కడ రాతపూర్వకమైన ఒప్పందం తప్పనిసరి. కాని ప్రభుత్వం ప్రకటించే పరిమితికి ఆదాయం మించితే ఆ నీడా పోతుంది. అంతకు ముందు, ఒప్పందం మీద యజమానిగా సంతకం చేయవలసింది ఎవరు? చానలా, మధ్యనున్న ఏజెంటా? పార్లమెంటులోని మన సభ్యులు కార్మిక మంత్రి చేత దీనికి సమాధానం చెప్పించాలి.