బాల్ఫర్ ప్రకటన

పాలస్తీనాను దేశంగా బ్రిటన్ 2025 సెప్టెంబరులో గుర్తించినప్పుడు ఈ పేరు మళ్లీ వినిపించింది. పేరుకు ప్రకటనే గానీ, అదో చిన్న ఉత్తరం. బ్రిటన్ విదేశాంగ మంత్రి ఆర్థర్ బాల్ఫర్ 1917 నవంబరు 2న యూదు ప్రముఖుడు లార్డ్ రాత్‌షీల్డ్‌కు రాశారు. పాలస్తీనాలో యూదులకు ‘జాతీయ నివాసం’ ఏర్పాటుకు తోడ్పడతామన్నది అందులోని హామీ. అప్పటికి పాలస్తీనా టర్కీ ఏలుబడిలో ఉంది. సొమ్మొకడిది, సోకొకడిది! బ్రిటిష్ సేన జెరూసలెంలో అడుగుపెట్టిందే డిసెంబరులో.

అక్కడి జనంలో పదింట తొమ్మిది వంతుల మంది అరబ్బులు. ఉత్తరంలో వాళ్ల పేరే లేదు; ‘యూదులు కాని వర్గాలు’ అని సరిపెట్టారు. వాళ్ల పౌర, మత హక్కులకు భంగం రాకూడదన్నారు, రాజకీయ హక్కుల ఊసెత్తలేదు. పేచీ అంతా ఇక్కడే. పైగా టర్కీపై తిరగబడితే అరబ్బులకు స్వాతంత్ర్యం ఇస్తామని బ్రిటిష్ వారు మక్కా షరీఫ్ హుసేన్‌కు అంతకుముందే మాటిచ్చారు. అందులో పాలస్తీనా ఉందా అన్నది నేటికీ తేలని తగవు.

విచిత్రంగా, బాల్ఫర్ ప్రకటనను గట్టిగా వ్యతిరేకించిన బ్రిటన్ మంత్రి యూదుడే. మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలతో మనకు తెలిసిన ఎడ్విన్ మాంటేగు. ఇతర దేశాల్లోని యూదులను ఇక పరాయివాళ్లుగా చూస్తారని ఆయన భయం.

1922లో నానాజాతి సమితి ఈ హామీని పాలస్తీనా మాండేట్‌లో, అంటే బ్రిటన్‌కు ఇచ్చిన పాలనాధికార పత్రంలో చేర్చింది. యూదుల వలసలు పెరిగాయి, 1936లో అరబ్బులు తిరగబడ్డారు. 1947లో బ్రిటన్ చేతులెత్తేసి సమస్యను ఐక్యరాజ్య సమితి ముందు పెట్టింది.