పిండంపై పరిశోధన: మన కుటుంబాల ముందున్న ప్రశ్న



సంతానం కోసం హైదరాబాదు ఆసుపత్రుల చుట్టూ తిరిగే దంపతులు నేడు మన సంఘాల్లోనూ ఉన్నారు. నల్గొండ నుంచి, దేవరకొండ నుంచి, నాగర్‌కర్నూలు, వనపర్తి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లి రాత్రికి తిరిగి వస్తారు. కొందరు చీటీ ఎత్తి, కొందరు ఎకరం పొలం అమ్మి ఆ ఖర్చు భరిస్తారు. 2023లో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వమే టెస్ట్ ట్యూబ్ బేబీ వైద్య కేంద్రాన్ని ప్రారంభించింది గనుక ఇక ముందు పేద కుటుంబాలు కూడా ఈ వైద్యానికి వెళ్తాయి.

ఈ వైద్యంలో దంపతులు కొన్ని కాగితాలపై సంతకాలు చేయాలి. మిగిలిపోయిన పిండాలను ఏమి చేయాలి అన్నది వాటిలో ఒక ప్రశ్న. చాలామంది చదవకుండానే సంతకం పెడతారు. అదే ప్రశ్న మీద అమెరికా దేశంలో ఎన్నో సంవత్సరాలు వాదం నడిచింది. ఇద్దరు అధ్యక్షులు దానిపై ఎదురెదురు సంతకాలు చేశారు. ఆ వాదమేమిటో, అది మన ఇంటి గడపకు ఎలా వచ్చిందో ఈ నెల మన కుటుంబాలకు వివరించాలని మేము తలంచాము.

మూలకణం అంటే ఏమిటి?

మన శరీరం కోట్లాది కణాలతో కట్టబడినది. కంటి కణం చూపుకు, రక్త కణం రక్తానికి, నరాల కణం నరాలకు పనిచేస్తుంది. ఒకదాని పని మరొకటి చేయదు. కానీ ఇంకా ఏ పనికీ ఏర్పడని కణాలు కొన్ని ఉన్నాయి. అవి పెరిగి వేరే కణాలుగా మారగలవు. వాటినే మూలకణాలు అంటారు.

ఇవి రెండు చోట్ల దొరుకుతాయి. పెద్దవారి శరీరంలో, అంటే ఎముక మజ్జలో, కంటి నల్లగుడ్డు అంచున, ఇంకా కొన్ని భాగాల్లో ఉంటాయి. వీటిని తీసినా మనిషికి ప్రాణహాని లేదు. రెండవ చోటు పిండం. అండము, వీర్యకణము కలిసిన అయిదారు రోజులకు పిండం ఆవగింజ కన్నా ఎంతో చిన్నదిగా ఉంటుంది. దాని లోపలి కణాలు శరీరంలోని ఏ భాగంగానైనా మారగలవు. అందుకే శాస్త్రవేత్తలు వాటిని కోరుకుంటారు. అయితే వాటిని తీసుకుంటే సాధారణంగా ఆ పిండం నశిస్తుంది. వాదమంతా ఇక్కడే మొదలైంది.

డబ్బు ఎవరిది?

1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ అనే శాస్త్రవేత్త మొదటిసారిగా మానవ పిండం నుంచి మూలకణాలను వేరుచేసి పెంచాడు. ఆ పనికి ప్రభుత్వ సొమ్ము వాడలేదు. పిండాలను నాశనం చేసే పరిశోధనకు ప్రభుత్వ నిధులు ఇవ్వకూడదని అక్కడి కాంగ్రెసు 1996లోనే నిబంధన పెట్టింది.

ఆ తరువాత వాదం పెద్దదయింది. ఒక పక్షం వారు ఇలా అన్నారు: "ఈ పిండాలు ఆసుపత్రుల్లో మిగిలిపోయినవి. ఎలాగూ పారవేస్తారు. వాటితో మధుమేహానికి, వెన్నెముక గాయాలకు, పార్కిన్సన్ వ్యాధికి మందు దొరికితే మేలు కాదా?" రెండవ పక్షం వారి మాట ఇది: "పిండం కూడా మానవ ప్రాణమే. దాన్ని నాశనం చేయడం తప్పని నమ్మేవారు కట్టిన పన్నుతోనే ఆ పని చేయించడం న్యాయమా?"

2001 ఆగస్టు 9న అధ్యక్షుడు జార్జి బుష్ మధ్యేమార్గం ప్రకటించాడు. ఆ తేదీకి ముందే తయారైన కణాలపై పరిశోధనకు ప్రభుత్వ నిధులు ఇస్తాము, కొత్తగా పిండాలను నాశనం చేస్తే ఇవ్వము అన్నాడు. అప్పుడు అమెరికా ప్రభుత్వం ఇచ్చిన జాబితాలో 64 రకాల కణాలున్నాయి. అందులో 10 మన భారతదేశానివి. ముంబయిలోని రిలయన్స్ లైఫ్ సైన్సెస్‌వి ఏడు, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రానివి మూడు. కనుక ఇది ఆదినుంచీ మన దేశానికి సంబంధించిన సంగతే.

2004లో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రజలు ఓటు వేసి ఈ పరిశోధనకు 300 కోట్ల డాలర్లు కేటాయించారు. 2006లో నిధుల నిబంధనలను సడలిస్తూ కాంగ్రెసు పంపిన బిల్లును బుష్ తిరస్కరించాడు. ఆయన పదవిలోకి వచ్చాక తిరస్కరించిన మొదటి బిల్లు అదే. 2007లో మరొకసారి తిరస్కరించాడు. 2009 మార్చి 9న అధ్యక్షుడు బరాక్ ఒబామా ఆ ఆంక్షలను తొలగిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు.

మన దేశంలో

మన దేశంలో అంతటి బహిరంగ చర్చ జరగలేదు. భారత వైద్య పరిశోధన మండలి, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి 2007లో మార్గదర్శకాలు వెలువరించాయి. 2013లో, 2017లో వాటిని సవరించాయి. వాటి ప్రకారం మానవ పిండాన్ని ప్రయోగశాలలో 14 రోజులకు మించి పెంచకూడదు. మిగిలిన పిండాలను దంపతుల అంగీకారంతో, కమిటీల అనుమతితో పరిశోధనకు వాడవచ్చు. ఒక మనిషికి నకలుగా బిడ్డను పుట్టించే ప్రయత్నం నిషిద్ధం.

2021లో పార్లమెంటు సంతాన సాఫల్య వైద్యం గురించి చట్టం చేసింది. 2022 జనవరిలో అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పిండాలను పది సంవత్సరాలకు మించి నిలువ ఉంచరాదు. గడువు తీరాక వాటిని నశించిపోనివ్వాలి, కాకుంటే దంపతుల సమ్మతితో పరిశోధన సంస్థకు ఇవ్వాలి. పిండాలను అమ్మడం నేరం. పరిశోధన కోసం విదేశాలకు పంపడం నిషిద్ధం. అండదానం చేసే స్త్రీ జీవితంలో ఒక్కసారే చేయాలి, ఆమె నుంచి ఏడు అండాలకు మించి తీయకూడదు.

ఈ చివరి నియమం ఎందుకంటే, పిండం ఊరికే రాదు. ఒక స్త్రీ శరీరం నుంచి అండం తీయాలి. సూదులు, మందులు, నొప్పి ఆమెవే. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ సుక్ అనే శాస్త్రవేత్త పిండ కణాలలో అద్భుతం చేశానని ప్రకటించుకున్నాడు. ఆ ఫలితాలు కల్పితాలని 2005, 2006 సంవత్సరాల్లో బయటపడింది. డబ్బు తీసుకున్న స్త్రీల నుంచి, తన దగ్గర పనిచేసే స్త్రీల నుంచి కూడా అండాలు సేకరించాడని తేలింది. బీద స్త్రీల శరీరాలు బజారు సరుకు కాకుండా కాపాడడం కూడా ఈ వాదంలో భాగమే.

చూడండి, అమెరికాలో అధ్యక్షుని బల్లమీదికి వెళ్లిన ప్రశ్నను మన చట్టం భార్యాభర్తల చేతిలో పెట్టింది. నశించనివ్వాలా, పరిశోధనకు ఇవ్వాలా అని వారే చెప్పాలి.

సంఘాలు ఏమన్నాయి?

ఈ విషయంలో క్రైస్తవులందరూ ఒకే మాట మీద లేరు. ఆ సంగతి దాచడం మంచిది కాదు. రోమన్ కథోలిక సంఘం 1987లోను, 2008లోను పిండాలను నాశనం చేసే పరిశోధన తగదని స్పష్టంగా బోధించింది. అమెరికాలోని సదరన్ బాప్టిస్టు సంఘాలు 1999లో అటువంటి తీర్మానమే చేశాయి. యునైటెడ్ మెథడిస్టు సంఘం 2004లో, పరిశోధన కోసమే పిండాలను సృష్టించడాన్ని వ్యతిరేకిస్తూ, వైద్యంలో మిగిలినవాటిని కొన్ని షరతులతో వాడడానికి సమ్మతించింది.

తల్లి గర్భంలో రూపొందక మునుపే దేవుడు మనలను ఎరిగియున్నాడని దావీదు కీర్తనలోను, యిర్మీయా పిలుపులోను చదువుతున్నాము. గర్భములోని శిశువు యోహాను గంతులు వేసిన సంగతి లూకా వ్రాశాడు. గాజు పాత్రలోని అయిదు రోజుల పిండం గురించి లేఖనాలు నేరుగా మాట్లాడవు. అయినా ప్రాణం ఎంత చిన్నదైనా అది మన ఇష్టానికి వాడుకునే వస్తువు కాదని అవి నేర్పుతున్నాయని మేము నమ్ముతున్నాము. రోగిని చూసి పక్కదారిన పోవద్దని కూడా అదే సువార్త నేర్పుతున్నది. ఈ రెండు మాటల్లో దేనినీ మనం విడిచిపెట్టలేము.

మరొక మార్గం

రోగికి సహాయం చేయాలంటే పిండాన్ని నాశనం చేయక తప్పదా? ప్రతిసారీ అవసరం లేదు. దానికి సాక్ష్యం మన దగ్గరే ఉంది.

సున్నం కంట్లో పడి చూపు పోయిన పిల్లలను, సిమెంటు పనిలో కళ్లు కాలిన కూలీలను మన పాలమూరు, నల్గొండ ఊళ్లలో చూస్తుంటాము. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 2001 నుంచి ఇటువంటివారికి మూలకణాలతో చికిత్స చేస్తున్నారు. ఒక కన్ను బాగున్నవారైతే ఆ కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో ఉమ్మనీటి సంచి పొరపై పెంచి, పాడైన కంటికి అతికిస్తారు. ప్రసవంలో బయటికి వచ్చే ఆ పొరను తల్లులు దానంగా ఇస్తారు. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, ఆయన తోటి వైద్యులు 2012లో ఇంకా సులువైన పద్ధతిని ప్రకటించారు. అందులో కణాలను ప్రయోగశాలలో పెంచవలసిన పనే లేదు. ఈ చికిత్సలో ఏ పిండమూ నశించలేదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా తూడుకుర్తిలో ఆ సంస్థ కంటి కేంద్రం ఉంది గనుక మనవారు మొదట అక్కడ చూపించుకోవచ్చు.

మిషనరీ డాక్టరమ్మ ఐడా స్కడర్ స్థాపించిన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ నిధులతో మూలకణాల పరిశోధన కేంద్రం నడుస్తున్నది. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధిగల అయిదుగురికి వారి సొంత మూలకణాలనే సరిచేసి తిరిగి ఎక్కించి, మంచి ఫలితం వచ్చిందని అక్కడి వైద్యులు 2024లో ప్రకటించారు. ప్రజల పన్నుల సొమ్ము ఇటువంటి పనికి వెళ్తుంటే ఎవరి మనస్సాక్షీ నొచ్చుకోదు.

జపాను శాస్త్రవేత్త షిన్యా యమనాక 2006లో ఎలుక చర్మకణాలను, 2007లో మనిషి చర్మకణాలను పిండ కణాల వంటివిగా మార్చి చూపాడు. 2012లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే పిండ కణాల పరిశోధన వల్ల ప్రయోజనమే లేదనడం సత్యం కాదు. యమనాక కూడా పిండ కణాల నుంచి తెలిసిన విద్యను ఆధారం చేసుకున్నాడు. మనం మాట్లాడేది నిజమై ఉండాలి. ఎంత ప్రయోజనమున్నా, ఏ మార్గాన వచ్చిందని అడిగే హక్కు మనకుంది.

మోసపోవద్దు

మూలకణాల పేరు చెప్పి పక్షవాతం, ఆటిజం, మెదడు ఎదుగుదల లోపం అన్నీ నయం చేస్తామని లక్షలు అడిగేవారున్నారు. 2017 మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి జబ్బులకు ఇది స్థిరపడిన వైద్యం కాదు. పరిశోధనగా మాత్రమే చేయాలి, అందులో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగితే అనుమానించండి. పొలం అమ్మే ముందు నమ్మకమైన వైద్యుని అడగండి.

మన కుటుంబాలు చేయవలసినది

మొదటిది, వైద్యం ప్రారంభం కాకముందే భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాలి. ఎన్ని పిండాలు తయారు చేస్తారు, ఎన్ని గర్భంలో ఉంచుతారు, మిగిలినవి ఏమవుతాయి అని డాక్టరును అడగాలి. వాడేటన్ని మాత్రమే తయారు చేయమని అడిగే అవకాశం ఉంటుంది. మిగలనప్పుడు ఈ చిక్కు ప్రశ్నే రాదు.

రెండవది, కాగితం తెలుగులో చదివించుకోవాలి. చదువు రాని భార్య చేత వేలిముద్ర వేయించి ఊరుకోవద్దు. ఆమె శరీరం, ఆమె బిడ్డ. ఆమెకు అర్థమయ్యేదాకా చెప్పాలి.

మూడవది సంఘానికి. పిల్లలు లేని స్త్రీని శుభకార్యాల్లో పక్కన పెట్టడం, గొడ్రాలని అనడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఆ మాటలే ఎందరినో అప్పుల్లోకి, తొందరపాటు సంతకాల్లోకి నెడుతున్నాయి. స్త్రీల సమాజంలో ఈ సంగతి ఒకసారి మాట్లాడుకోండి. పాస్టరుగారు అటువంటి దంపతులను అందరి ఎదుట పేరు పెట్టి ప్రార్థించక, వారి ఇంటికి వెళ్లి ప్రార్థించడం మంచిది.

చివరగా మరొక మాట. 1999లోను, 2001లోను దేవరకొండ ప్రాంతపు తండాల్లో పేదరికం వల్ల వదులుకున్న పసి ఆడపిల్లలను దళారులు దత్తత పేరిట డబ్బుకు చేతులు మార్చిన సంగతి బయటపడి దేశమంతా తెలిసింది. కంటికి కనిపించని పిండం కోసం మాట్లాడే మనం, కళ్లముందు పుట్టిన ఆడపిల్ల కోసం నోరు మెదపకపోతే మన మాటకు విలువ ఉండదు. మన ఊరిలో మూడవ ఆడపిల్ల పుట్టిన ఇంటికి ఈ వారం ఎవరు వెళ్లారో, ఆ తల్లికి బలమైన తిండి ఉన్నదో లేదో కనుక్కోండి.

సంతానం కోసం ఎదురుచూస్తున్న ప్రతి ఇంటికి ప్రభువు ఓర్పును, కాగితం ముందు కూర్చున్న ప్రతి జంటకు వివేకమును దయచేయును గాక.